ఆరోగ్య అలవాట్ల మీద రోజుకో పరిశోధన: ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. వయసు 43, కూర్చుని చేసే ఉద్యోగం, నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్, మొన్న ఆఫీసు వాళ్లు చేయించిన పరీక్షల్లో, రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే మీ హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఒకరోజు పేపర్లో కాఫీ గుండెకు మంచిదంటారు, నెల తిరక్కముందే వద్దంటారు. పదివేల అడుగులు నడవకపోతే లాభం లేదని ఒకరు, అదంతా ఉత్తదేనని ఇంకొకరు. ఫ్యామిలీ గ్రూపులో మీ పెదనాన్నగారు కొర్రలు తింటే షుగర్ పోతుందని రోజూ వీడియోలు పంపుతున్నారు. "ఈ అధ్యయనాల్లో నిజం ఎంత? నాలాంటివాడు దేన్ని పట్టుకోవాలి?" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పొగాకు మానడం, రోజూ నడవడం, నడుము కొలత తగ్గించుకోవడం, ఉప్పు తగ్గించి బీపీ అదుపులో ఉంచుకోవడం: ఈ నాలుగూ దశాబ్దాలుగా రకరకాల పద్ధతుల్లో పరీక్షకు నిలిచాయి. ఒక్కో తిండి పదార్థం గురించి, ఒక్కో విటమిన్ గురించి వచ్చిన వార్తల్లో చాలా భాగం నిలవలేదు. ఇక మీ 6.1 సంగతికొస్తే, సరిగ్గా మీలాగే షుగర్ వచ్చే హద్దు మీద ఉన్నవాళ్ల మీద మన పక్కనే చెన్నైలో ప్రయోగం జరిగింది. ఫలితం మీకు అనుకూలంగానే వచ్చింది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను డాక్టర్‌నే కానీ ఎక్కువ కాలం మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పాను. పల్లెల్లో సర్వేలు చేయించడం, పీజీ పిల్లల థీసిస్‌లు దిద్దడం, వారానికి కొన్ని రోజులు ఓపీ చూడటం నా పని. కాబట్టి పరిశోధన ఎలా తయారవుతుందో వంటింటి వైపు నుంచి చూసినవాణ్ని.

వార్తలు ఎందుకు మాట మారుస్తాయి?

అలవాట్ల మీద పరిశోధనలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, జనాన్ని వాళ్ల మానాన వాళ్లని వదిలేసి, ఎవరు ఏం చేస్తున్నారో రాసుకుని, కొన్నేళ్ల తర్వాత ఎవరికి ఏమైందో చూడటం. రెండోది, చీటీలు తీసినట్టుగా జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుతో ఒక పని చేయించి, రెండో గుంపుతో పోల్చడం. మొదటిదాన్ని గమనించడం అందాం, రెండోదాన్ని ప్రయోగం అందాం. పేపర్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి రకం. ఖర్చు తక్కువ, లక్షల మందితో చేయొచ్చు, ఏటా కొత్త పేపరు రాయొచ్చు. హెడ్డింగు మాత్రం రెండో రకంలాగే పెడతారు.

గమనించడంలో ఉన్న చిక్కు చెప్పడానికి నేను క్లాసులో ఎప్పుడూ ఒకే ఉదాహరణ వాడేవాణ్ని. అమెరికాలో ఒకసారి గుండెపోటు వచ్చిన మగవాళ్ల మీద కొలెస్ట్రాల్ మందులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అంటారు. అందులో క్లోఫైబ్రేట్ అనే మందు గురించిన లెక్క 1980లో అచ్చయింది. మందును సరిగ్గా వేసుకున్నవాళ్లలో అయిదేళ్లలో 15 శాతం మంది చనిపోయారు. సరిగ్గా వేసుకోనివాళ్లలో దాదాపు 25 శాతం. ఆహా, మందు పనిచేసింది అనిపిస్తుంది కదా? ఇప్పుడు ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపు చూడండి. ఏ మందూ లేని ఆ మాత్రను బుద్ధిగా వేసుకున్నవాళ్లలో 15 శాతం, వేసుకోనివాళ్లలో 28 శాతం!

ఉత్తుత్తి మాత్ర ఎవరి ప్రాణమూ కాపాడలేదు. మాత్ర మర్చిపోకుండా వేసుకునే మనిషి ఇంకా చాలా పనులు సరిగ్గా చేస్తాడు. చెకప్‌కి వెళ్తాడు, ఒంట్లో బాలేకపోతే ముందే చూపించుకుంటాడు, ఇంట్లో అడిగేవాళ్లు ఉంటారు, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. తేడా వచ్చింది అక్కడ. ఎవరెవరు ఏం చేస్తున్నారని అడిగి లెక్క కట్టే ఏ పరిశోధనలోనైనా ఈ చిక్కు దాగి ఉంటుంది. గ్రీన్ టీ తాగేవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారంటే, మన ఊళ్లో గ్రీన్ టీ తాగేది ఎవరో ఒకసారి ఆలోచించండి.

లండన్ బస్సుల కథ కూడా ఇలాంటిదే, అయితే అది ఇంకాస్త రుచిగా ఉంటుంది. జెరెమీ మోరిస్ అనే ఆయన 1953లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజూ వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. ఒంటి కదలికకూ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆధునిక పరిశోధన అక్కడే మొదలైందని చెప్తారు. ఆ మోరిసే మూడేళ్ల తర్వాత సొంత ఫలితాన్ని తనే అనుమానించాడు. రవాణా సంస్థ వీళ్లకి కుట్టించిన యూనిఫాం కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్ల నడుము కొలతే పెద్దది. అంటే తేడాలో కొంత భాగం మెట్ల వల్ల వచ్చింది కాదు, మనుషుల్లో ముందే ఉంది. వ్యాయామం మంచిదనే మాట తర్వాత ప్రయోగాల్లో రుజువైంది, అది వేరే సంగతి. ఇలా తన లెక్కను తనే తవ్వి చూసుకున్న పరిశోధకుడు కనిపిస్తే నాకు గౌరవం పెరుగుతుంది.

గమనించి చెప్పింది ప్రయోగంలో తలకిందులైన సందర్భాలూ ఉన్నాయి. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లకూ, రక్తంలో బీటా కెరోటిన్ (క్యారెట్ లాంటివాటిలో ఉండే పదార్థం) ఎక్కువున్నవాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. సరే, మాత్రగా ఇద్దామని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ప్రయోగం చేశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. మెడికల్ షాపులో యాంటీ ఆక్సిడెంట్ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది.

మద్యం విషయం కూడా అంతే. "కొంచెం తాగితే గుండెకు మంచిది" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అసలు తాగనివాళ్ల కంటే కొద్దిగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించారు, అందువల్ల. కానీ ఆ తాగనివాళ్ల గుంపులో, జబ్బు చేసి డాక్టర్ తిడితే మానేసినవాళ్లు కూడా కలిసిపోయి ఉంటారు! చైనాలో అయిదు లక్షల మందితో జరిగిన కడూరీ అధ్యయనం దీన్ని తెలివిగా విడదీసింది. అక్కడ చాలామందికి పుట్టుకతోనే మద్యం పడని జన్యువులుంటాయి. రెండు గుక్కలకే ముఖం ఎర్రబడుతుంది. తాగడం తగ్గేది జన్యువు వల్లే కానీ జబ్బు వల్ల కాదు గనుక, పోలిక శుభ్రంగా ఉంటుంది. 2019లో వచ్చిన ఆ లెక్కలో పక్షవాతం నుంచి మద్యం కాపాడుతుందన్న ఆధారం మాయమైంది. ఎంత తాగితే అంత ముప్పు. మీరు ఈ ప్రశ్న అడగలేదు, కానీ 43 ఏళ్లకు వీకెండ్ పార్టీలు ఉంటాయి కాబట్టి రాశాను.

అయితే నిలిచినవి ఏమిటి?

పొగాకు గురించి ఎక్కువ చెప్పను. చీటీలు తీసి జనంతో సిగరెట్లు తాగించలేరు కాబట్టి ఇక్కడ పెద్ద ఆధారం గమనించడం నుంచే వచ్చింది. అయినా ఎవరూ కదిలించలేకపోయారు, ఎందుకంటే ప్రభావం అంత పెద్దది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి మొదలుపెట్టిన అధ్యయనం యాభై ఏళ్లు నడిచింది. పొగతాగేవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 30 ఏళ్లకు మానేస్తే ఆ పదేళ్లూ వెనక్కొస్తాయి, 40కి మానేస్తే తొమ్మిది, 50కి ఆరు, 60కి మూడు. "ఈ వయసులో మానేస్తే ఏం లాభం" అనేవాళ్ల కోసం ఈ నాలుగు అంకెలనూ ఓపీ గోడకి అంటించి పెట్టాను.

మన దగ్గరి సంగతి ఒకటి. శ్రీకాకుళం, విశాఖ తీరం వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటు. శ్రీకాకుళం జిల్లాతో పాటు కేరళ, గుజరాత్‌లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లను తీసుకుని, ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లి మానమని నచ్చజెప్పిన పరిశోధన 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానేసినవాళ్ల నోళ్లలో క్యాన్సర్‌కు దారితీసే తెల్లమచ్చలు తగ్గాయి. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం పేర్లు ఒకే పేపర్లో చూసి మా శ్రీకాకుళం విద్యార్థులు తెగ మురిసిపోయేవాళ్లు.

ఇప్పుడు నడక. పదివేల అడుగులు ఏ పరిశోధనలోంచీ రాలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మింది. దాని పేరుకు అర్థమే "పదివేల అడుగుల మీటరు". పేరు బాగుంది, ప్రపంచమంతా పాకింది. నిజంగా కొలిచి చూస్తే ఏం తేలింది? అమెరికాలో సగటున 72 ఏళ్లున్న 16,741 మంది ఆడవాళ్ల నడుముకు మీటర్లు కట్టి గమనించారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనపడలేదు. తర్వాత 15 అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలో అరవై దాటినవాళ్లకి 6,000 నుంచి 8,000, అంతకంటే చిన్నవాళ్లకి 8,000 నుంచి 10,000 దగ్గర లాభం నిలకడకు వచ్చింది.

ఇది కూడా గమనించిందే, ఒంట్లో జబ్బున్నవాళ్లు తక్కువ నడుస్తారన్న చిక్కు ఇక్కడా ఉంది. 41 శాతాన్ని యథాతథంగా తీసుకోకండి. కానీ లాభంలో ఎక్కువ భాగం కింది మెట్ల దగ్గరే ఉంది అన్నది చాలా దేశాల లెక్కల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. రోజుకు 3,000 అడుగులు వేసే మనిషి 6,000కు రావడం ముఖ్యం. 9,000 వేసేవాళ్లు రాత్రి పదకొండింటికి హాల్లో చక్కర్లు కొట్టి 10,000 పూర్తి చేయడం వాచీ సంతోషం కోసమే.

మీ 6.1 సంగతి

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు ఆధారం ఇక్కడే బలంగా ఉంది. షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్లని చీటీలు తీసి విడగొట్టి, ఒక గుంపుకు తిండి, నడక మార్పించి చూసిన ప్రయోగాలు నాలుగైదు దేశాల్లో జరిగాయి. అమెరికాలో 3,234 మందితో జరిగింది ఎక్కువ ప్రసిద్ధి, ఫలితం 2002లో వచ్చింది. వారానికి 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యం. షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చిన గుంపులో 31 శాతమే తగ్గింది. ఫిన్లాండ్‌లోనూ అదే 58 వచ్చింది.

మన ఒళ్లు వేరు, మన తిండి వేరు అని సందేహం రావాలి. వచ్చింది కూడా. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో మూడేళ్లు ప్రయోగం చేసి 2006లో ఫలితం ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన గుంపులో మూడేళ్లకు 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది! మనవాళ్లలో ఈ దశ ఎంత వేగంగా ముదురుతుందో ఈ ఒక్క అంకె చెప్తుంది. రోజుకు కనీసం అరగంట చురుగ్గా నడవడం, చక్కెర, మైదా లాంటివి, నూనె తగ్గించడం, పీచు పెంచడం చేయించిన గుంపులో అది 39 శాతానికి తగ్గింది. ముప్పు 28 శాతం పైచిలుకు తగ్గినట్టు. మాత్ర ఇచ్చినా అంతే, మాత్ర, అలవాట్లు రెండూ కలిపినా అంతే.

ఇందులో ఇంకో విశేషం ఉంది. చెన్నైవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా షుగర్ రావడం తగ్గింది. నా ఓపీకి "నెల నుంచి నడుస్తున్నా, కిలో కూడా తగ్గలేదు, మానేశా" అని వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే. బరువు మిషను కదలకపోయినా కండరాలు చక్కెరను లాక్కోవడం మెరుగుపడుతుంది.

అదే బృందం తర్వాత 35 నుంచి 55 ఏళ్ల మధ్య ఉద్యోగం చేసే మగవాళ్లు 537 మందిని తీసుకుని, సగం మందికి ఫోన్‌కి తరచూ మెసేజ్‌లు పంపింది. తిండి, నడక గురించిన సలహా మొదట్లో అందరికీ ఇచ్చారు, తేడా ఆ మెసేజ్‌లే. రెండేళ్లకు మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 18 శాతం మందికి షుగర్ వస్తే, మిగతావాళ్లలో 27 శాతానికి వచ్చింది. మీ వయసుకూ ఉద్యోగానికీ ఇంతకంటే దగ్గరి పరిశోధన నాకు తెలీదు. గుర్తుచేసేవాళ్లు ఉండటం కూడా వైద్యమే. మీ ఆవిడగారికి ఆ డ్యూటీ అప్పజెప్పితే ఖర్చు లేదు, అయితే గొడవలకి నా పూచీ లేదు.

ఎంతకాలం నిలుస్తుంది? చైనాలోని దాచింగ్ అనే ఊళ్లో 1986లో మొదలుపెట్టి ఆరేళ్లు అలవాట్లు మార్పించారు, తర్వాత వదిలేసి, మొదలుపెట్టిన నాటి నుంచి ముప్పై ఏళ్లు నిండేదాకా గమనించారు. షుగర్ రావడం సగటున దాదాపు నాలుగేళ్లు వెనక్కి వెళ్లింది, గుండెజబ్బు మరణాలు తగ్గాయి, ఆయుష్షు దాదాపు ఏడాదిన్నర పెరిగింది. ఏడాదిన్నరేనా అనుకోకండి. "అయిదు మంచి అలవాట్లుంటే 12, 14 ఏళ్లు ఎక్కువ బతుకుతారు" అని 2018లో అమెరికా నుంచి ఒక అంచనా వచ్చింది, మీ గ్రూపులోకి కూడా వచ్చే ఉంటుంది. అది అన్నీ సరిగ్గా చేసే మనిషికీ ఏదీ చేయని మనిషికీ ఉన్న దూరం, గమనించి కట్టిన లెక్క. దాచింగ్‌ది ఆరేళ్ల ప్రయోగం నిజంగా సంపాదించి పెట్టింది. రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టుకుంటేనే బుర్ర నేల మీద ఉంటుంది.

ఒక చేదు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. షుగర్ వచ్చేశాక మొదలుపెడితే ఇంత లాభం రాకపోవచ్చు. అమెరికాలో షుగర్ ఉన్న 5,145 మందితో ఇలాంటి ప్రయోగమే చేస్తే, బరువు తగ్గారు, మందులు తగ్గాయి, ఓపిక పెరిగింది, కానీ దాదాపు పదేళ్లకి కూడా గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. 2012లో ఆపేశారు. అందుకే మీ నాన్నగారికి నడకతో పాటు బీపీ మందు, కొలెస్ట్రాల్ మందు కూడా ముఖ్యమే. "నడుస్తున్నా కదా, మాత్రలెందుకు" అని ఆయన్ని అననివ్వకండి.

నడుము కొలత

బరువు కంటే దీన్ని నమ్మండి. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ ఇద్దరూ 2004లో తమ ఫోటోలతోనే ఒక పేజీ అచ్చు వేయించారు. ఇద్దరి బీఎమ్‌ఐ, అంటే ఎత్తుతో పోల్చి కట్టే బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు పేరుకునే ఒళ్లు మనది. అందుకే మనకు బీఎమ్‌ఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు, నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. ప్యాంటు సైజు చెప్పొద్దు, మనవాళ్లు ప్యాంటు పొట్ట కింద కడతారు! చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపుతో కొలవాలి.

ఇది రాతేనా, జన్యువులేనా అంటే పూర్తిగా కాదు. లక్నో, నాగపూర్, బెంగళూరు, మన హైదరాబాద్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న వలస కార్మికులనూ, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనూ పోల్చిన పరిశోధన 2010లో వచ్చింది. ఊళ్లో ఉన్న మగవాళ్లలో షుగర్ 6.2 శాతం, పట్నం వచ్చినవాళ్లలో 14.3. ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్లని పోల్చడం వల్ల జన్యువుల గొడవ చాలావరకు పక్కకి పోయింది. నాకు నచ్చిన భారతీయ అధ్యయనాల్లో ఇదొకటి.

తిండి: ఇక్కడే ఎక్కువ అబద్ధాలు

తిండి పరిశోధన ఎందుకు బలహీనమో సర్వేకి ఒక్కసారి వస్తే తెలుస్తుంది. "అమ్మా, నిన్న ఏం తిన్నావు?" అంటే అన్నం, పప్పు, వంకాయ కూర అని చెప్తారు. పచ్చడి చెప్పరు. పచ్చడి తినడం కింద లెక్కకి రాదు వాళ్లకి! మజ్జిగలో వేసుకున్న ఉప్పు, టీలో చక్కెర, సాయంత్రం మిక్చర్ పొట్లం, ఇవేవీ అడిగితే తప్ప రావు. నూనె సంగతి అడిగితే మగవాళ్లకి అసలు తెలీదు. అందుకే నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది, చుట్టాలొచ్చారా అని పక్కదారిలో పట్టుకోమని పిల్లలకి నేర్పేవాణ్ని. ఇలాంటి జవాబుల మీద కట్టిన లెక్కలతో "వారానికి రెండు అక్రోట్లు తింటే" అనే వార్త వస్తే ఎంత విలువివ్వాలో మీరే చెప్పండి.

చిరుధాన్యాల గురించి అడిగారు. ఐసీఎమ్‌ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే ఉంది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 13.6 కోట్ల మంది మీలాగే హద్దు మీద ఉన్నారని 2023లో లెక్క చెప్పింది వీళ్లే. 2025లో తిండి లెక్క కూడా ప్రచురించారు. మనం తినే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. అన్నం తీసేసి గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టుకుని, మొత్తం పిండి పదార్థం అంతే ఉంచితే ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. ఆ పిండి పదార్థంలో కొంత తీసి ఆ చోటులో పప్పులు, పెరుగు లాంటి మాంసకృత్తులు పెడితే ముప్పు తక్కువగా కనిపించింది. ఇదీ గమనించిన లెక్కే, అయినా ఒంటి పనితీరుకు సరిగ్గా సరిపోతోంది.

కంచంలో అన్నం తగ్గాలి, పప్పు గట్టిగా పెరగాలి, కూర రెట్టింపు కావాలి. గుడ్డు తింటే గుడ్డు. కొర్రలు మీకు ఇష్టమైతే నిక్షేపంగా తినండి, పీచు ఎక్కువ కాబట్టి మంచిదే, కానీ కొర్రన్నం రెండు గిన్నెలు పెట్టించుకుంటే అది కూడా అన్నమే. మీ పెదనాన్నగారితో వాదించకండి, ఒక గిన్నెకి ఒప్పించండి చాలు.

ఉప్పు సంగతి మనకి మరీ ముఖ్యం. గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, లక్షా ఎనభై వేల జనాభాలో 2003-04లో మరణాల కారణాలు వెతికితే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. పల్లెలు పచ్చగా ఉంటాయి, అక్కడ బీపీలుండవు అనుకునే రోజులు అప్పటికే పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చిన్న చెంచాకి కాస్త తక్కువ. ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు ఉన్న ఇంట్లో మధ్యాహ్న భోజనానికే అది దాటిపోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి ప్రయోగం ఉంది. చైనాలో 600 ఊళ్లలో దాదాపు 21 వేల మందికి, ఎక్కువగా పక్షవాతం వచ్చినవాళ్లకీ బీపీ ఉన్న పెద్దవాళ్లకీ, సగం ఊళ్లలో మామూలు ఉప్పుకి బదులు నాలుగో వంతు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. అయిదేళ్లకి పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు 12 శాతం తగ్గాయి. 2021లో వచ్చింది. మన షాపుల్లో లో సోడియం ఉప్పు పేరుతో దొరికేది ఇలాంటిదే. ఒక హెచ్చరిక: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాన్ని వాడకూడదు, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. నాన్నగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉందన్నారు కాబట్టి ముందు ఆయన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం చూపించాకే వంటింట్లోకి తేండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కాఫీ: రోజుకు రెండు మూడు కప్పులతో హాని కనిపించలేదు, వేసుకునే చక్కెర చూసుకోండి. నిద్ర: ఏడు గంటలకు తక్కువ పడుకునేవాళ్లకి ముప్పు ఎక్కువన్నది నమ్మదగ్గదే, తొమ్మిది గంటలు పడుకుంటే చస్తారన్న వార్తని పట్టించుకోకండి, లోపల జబ్బున్నవాళ్లే ఎక్కువసేపు పడుకుంటారు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట: లండన్‌లో 96 మందిని గమనిస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, ఇంకొందరికి 254 రోజుల దాకా అంచనా. మూడు వారాలకే విసుగొస్తే మీలో లోపమేమీ లేదు.

మీరు ఇప్పుడు ఏం చేయాలంటే: రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు, పొద్దున అరగంట చురుగ్గా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. వారానికి రెండుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం. టేపు కొని నడుము కొలిచి రాసుకోండి, మూడు నెలలకు మళ్లీ కొలవండి. బీపీ చూపించుకోండి, షుగర్ మీద భయంలో చాలామంది బీపీ మర్చిపోతారు.

పరీక్ష గురించి చివరగా ఒకటి. పైన చెప్పిన చెన్నై ప్రయోగంలోకి జనాన్ని తీసుకున్నది హెచ్‌బీఏ1సీ చూసి కాదు, గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్షతో. 140 నుంచి 199 మధ్య ఉంటే వాళ్ల లెక్కలోకి వస్తారు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు ఉన్నా అంకె అటూఇటూ అవుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్‌తో పాటు పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఇంకోసారి చక్కెర చూపించండి. ముందు మూడు రోజులు అన్నం మానేసి డైటింగ్ చేసి వెళ్లకండి, అంకె తారుమారవుతుంది. ఆ రిపోర్టులు వచ్చాక మీ డాక్టర్‌తో మాట్లాడండి, కావాలంటే అంకెలు ఇక్కడ రాయండి, చూసి నా అభిప్రాయం చెప్తాను.